మాస్టారి చుక్కల మందు

డెబ్బై రెండేళ్ల వయసులో మా వీధి మాస్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు. చత్వారం వచ్చిన దగ్గర్నుంచీ అద్దాలు లేనిదే అక్షరం కనపడని మనిషి, పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరంతా ఉత్త కళ్లతో చదివేస్తున్నారు. నమ్మనివాళ్లకి సూదిలో దారం ఎక్కించి చూపించారు.

"ఏం వాడారు మాస్టారూ?" అని అడిగిన ప్రతివాళ్లకీ చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి చూపించేవారు. ఒకప్పుడు కళ్లు ఎర్రబడి మంటలు పుడితే మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చిన చుక్కల మందు. మర్నాటికే ఎరుపు పోయింది. తర్వాత్తర్వాత అద్దాల అవసరమే పోయింది. అంతా ఆ మందు చలవేనని ఆయన నమ్మారు. ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దించిన మనిషి నమ్మితే ఊరు నమ్మకుండా ఉంటుందా?

ఆయన మనవడికి పదకొండేళ్లు. ఎండలు ముదిరితే చాలు, వాడికి కళ్ల దురద మొదలయ్యేది. ఎర్రగా అయ్యేదాకా పిడికిళ్లతో నలుపుకునేవాడు. పొద్దున్న లేచేసరికి కంటి కొసల్లో సాగే పుసి. వేడి ప్రాంతాల్లో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎలర్జీ ఇది. బిడ్డ బాధ చూడలేక తాత తన సీసాలోంచే రెండేసి చుక్కలు వేశారు. రెండు రోజుల్లో కళ్లు తెల్లగా అయ్యాయి. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. ఆ తర్వాత దురద వచ్చినప్పుడల్లా అదే మందు. సీసా అయిపోతే తల్లే వెళ్లి ఇంకోటి తెచ్చేది. అలా రెండేళ్లు గడిచాయి.

పిల్లాడు చదువులో చురుకు. నడకే సరిగా లేదని ఇంట్లో రోజూ గొడవ. గుమ్మానికి భుజం కొట్టుకునేవాడు. పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు తన్నేసేవాడు. పక్కనుంచి దూసుకుపోయే బంతిని ఆపలేడని తోటిపిల్లలు ఆటకి పిలవడం మానేశారు. "కళ్లెక్కడ పెట్టుకుని నడుస్తున్నావురా?" అని మాస్టారు కేకలేయని రోజు లేదు.

ఇంతలో మాస్టారికి కొత్త చిక్కు వచ్చిపడింది. పేపరు కనపడుతోంది, బస్సు బోర్డు కనపడటం లేదు. ఎదురొచ్చే మనిషిని గొంతు విని పోల్చుకుంటున్నారు. కొడుకు కారు మాట్లాడి టౌనులో కంటి ఆసుపత్రికి బయల్దేరుతూ నన్నూ తోడు రమ్మన్నాడు. బడి లేని రోజు కావడంతో మనవడు కూడా ఎక్కాడు, వాడితో వాడి తల్లీ.

డాక్టరమ్మ ఓపికగా చూసి చెప్పింది. "మాస్టారూ, మీ చూపు బాగుపడలేదండీ. ఇది శుక్లం. కంట్లో లెన్సు మధ్యభాగం గట్టిపడుతున్నకొద్దీ దాని పవరు పెరుగుతుంది. దాంతో దగ్గరివి అద్దాలు లేకుండా కనపడతాయి, దూరపువి మసకబారతాయి. కొన్నాళ్లకి ఈ దగ్గర చూపూ తగ్గిపోతుంది. ఆపరేషన్ చేసి కొత్త లెన్సు పెడితే సరిపోతుంది, భయం లేదు."

పెద్దవాళ్లు ఉన్నట్టుండి అద్దాలు లేకుండా చదవగలుగుతుంటే ఇంట్లో సంబరపడతాం. ఒంట్లో షుగరు బాగా పెరిగినా చూపు ఇలా మారవచ్చు. కంటి పరీక్ష, షుగరు పరీక్ష చేయించాకే ఆ సంబరం.

అప్పుడు తీశారు మాస్టారు జేబులోంచి సీసా. డాక్టరమ్మ దాన్ని వెలుతురులోకి తిప్పి పేరు చదివింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఇది డెక్సామెథసోన్. స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎరుపూ దురదా చిటికెలో తగ్గిస్తుంది, అందుకే అందరూ మంచి మందనుకుంటారు. నెలల తరబడి వేస్తే కొందరికి కంట్లో ప్రెజరు పెరుగుతుంది. మీది పదహారే ఉంది, మామూలే. మీ ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా?"

ఎవరూ మాట్లాడలేదు. మూలన బల్ల మీద కూర్చుని కళ్లు నలుపుకుంటున్న పిల్లాడి వైపు ఆమే తిరిగింది.

ఇరవై ఒకటి దాటకూడని ప్రెజరు వాడి ఎడమ కంట్లో నలభై రెండు, కుడి కంట్లో ముప్ఫై ఆరు. చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ కాగితం మీద చుట్టూతా నలుపు, నడుమ కాస్త తెలుపు. నీటికాసులు, అంటే గ్లకోమా. నొప్పి ఉండదు. కంటి నరం దెబ్బతింటుంటే చాలామందిలో పక్కచూపు ముందు పోతుంది, ఎదుటి చూపు చివరిదాకా నిలుస్తుంది. అందుకే వాడు నల్లబల్ల మీద అక్షరాలన్నీ చదివేవాడు, గుమ్మాలకి మాత్రం కొట్టుకునేవాడు.

మాస్టారికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు బస్సు బోర్డు స్పష్టంగా కనపడుతోంది. పిల్లాడికి పోయిన చూపు తెచ్చే ఆపరేషన్ లేదు. మిగిలినదాన్ని నిలుపుకోవడానికి రోజూ ప్రెజరు తగ్గించే చుక్కలు వేస్తున్నారు. అవి చాలకపోతే ఆ ప్రెజరు తగ్గించడానికే ఆపరేషన్ చేయాలట.

మీ ఇంట్లో చుక్కల మందు సీసా ఉంటే ఇవాళే తీసి చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే, దాన్ని ఏ డాక్టరు రాశారో, ఎన్నాళ్లకి రాశారో గుర్తుచేసుకోండి. చీటీ లేకుండా వాడుతుంటే ఆ కళ్లకి వెంటనే ప్రెజరు పరీక్ష చేయించండి. పిల్లల కళ్లయితే మరీ ఆలస్యం చేయకండి.

ఆ రోజు ఆసుపత్రి నుంచి వస్తూ వస్తూ పిల్లాడి తల్లి ఒక్క మాట అడిగింది, ఆ మందు మానేస్తే మళ్లీ దురద వస్తుంది కదమ్మా అని. దానికి వేరే మందులున్నాయంది డాక్టరమ్మ. చాలామంది పిల్లల్లో ఆ దురద పెద్దయ్యేకొద్దీ దానంతటదే తగ్గిపోతుందని కూడా చెప్పింది.