నోటి మీద వేలు, తెర మీద తాళం

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం వైపు వెళ్ళే ఏ గల్లీలోనైనా పొద్దున ఎనిమిదింటికి ఒక గొంతు వినిపిస్తుంది. "టమాట, వంకాయ, బెండకాయ, ఆకుకూరలూ..." బండి తోసే మనిషి మాత్రం నోరు విప్పడు. ఫోన్ చూసుకుంటూ నడుస్తుంటాడు. ఎప్పుడో ఒకసారి రికార్డు చేసి పెట్టుకున్న మాటను బండికి కట్టిన బ్యాటరీ మైకు రోజంతా అరుస్తుంది. పాత ఇనుము కొనే ఆటోదీ అదే పద్ధతి. "ఏం తమ్మీ, మైకు పెట్టుకుంటే నీకు మాట్లాడుడు మరుపొస్తది, బద్ధకమైతది. ముందు నోటితోటి వంకాయ అను, అప్పుడు కొంట" అని బండి ఆపి బుద్ధి చెప్పిన కాలనీవాసి ఇంతవరకూ పుట్టలేదు. పావుకిలో పచ్చిమిర్చి కొని, కొత్తిమీర కొసరడిగి, పోనిస్తారు.

అదే కాలనీలో మాట రాని ఆరేళ్ళ పిల్లవాడు ట్యాబ్‌లో గ్లాసు బొమ్మ నొక్కి, అది "నీళ్ళు కావాలి" అని పలికిందా, ఇక అపార్టుమెంటు మొత్తం భాషాశాస్త్ర విభాగమైపోతుంది. "మిషన్‌కు అలవాటు పడ్డంక ఇగ నోరు తెరుస్తడా?" అని రెండో అంతస్తు. "చిన్నప్పుడు వస సరిగ్గ పొయ్యలేదు మీరు" అని ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ. "మా మరిది కొడుకు ఐదేండ్ల దాకా మాట్లాడలే వదినా, ఇప్పుడు అమెరికాల ఉన్నడు" అని మూడో అంతస్తు. ఈ అమెరికా మరిది కొడుకు లేని అపార్టుమెంటు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్నట్టు లేదు. మన ఊళ్ళోంచి విమానమెక్కినవాళ్ళంతా ఐదేళ్ళ దాకా మూగనోము పట్టినవాళ్ళేనేమో! వీసా ఇంటర్వ్యూలో ఆ సంగతి అడగకపోవడం కాన్సులేటు వారి లోపం.

మరిది కొడుకు ఒక్కడు. అవతలి లెక్క చూద్దాం. 2006లో డయాన్ మిల్లర్, జానిస్ లైట్, రాల్ఫ్ ష్లోసర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. నోటిమాటకు తోడుగా సైగలు, బొమ్మల కార్డుల వంటివి వాడినవాళ్ళలో నమ్మదగ్గ ఆధారం దొరికింది 27 మందికి. ఆ పద్ధతుల వల్ల మాట తగ్గినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. 89 శాతం మందికి నోటిమాట ఎంతో కొంత పెరిగింది. మిగిలినవాళ్ళకు ఎక్కడిదక్కడే ఉంది. ఇరవై ఏడు చిన్న సంఖ్యే, ఒప్పుకుందాం. మూడో అంతస్తు సంఖ్య కన్నా ఇరవై ఆరు ఎక్కువ.

స్టీఫెన్ హాకింగ్ ఫొటో చూపించి "ఆత్మవిశ్వాసం" మీద ఉపన్యాసాలిచ్చే మోటివేషన్ గురువులు ఈ ఊళ్ళో బోలెడు మంది. 1985లో గొంతుకు శస్త్రచికిత్స జరిగి మాట పోయాక, ఆ భౌతిక శాస్త్రవేత్త ముప్పై ఏళ్ళకు పైగా పలికింది యంత్రంతోనే. ఇంగ్లండు మనిషికి అమెరికా యాస గొంతు దొరికింది. తర్వాత మెరుగైన గొంతులు వచ్చినా, ఇదే నాది అని అట్టిపెట్టుకున్నాడు. ఆ యంత్రాన్ని పక్కన పెట్టి ముందు "అ ఆ" పలకమని ఆయన్నెవరూ అనలేదు. కృష్ణబిలాల గురించి చెప్పాలనుకున్నవాడికి యంత్రం ఇవ్వొచ్చు, కడుపు నొప్పి గురించి చెప్పాలనుకున్నవాడికి ఇవ్వకూడదు. మన న్యాయం ఇదీ.

పైగా ఇప్పుడు వాట్సాప్‌లో, తెరలు చూస్తే వస్తుందంటూ "వర్చువల్ ఆటిజం" అనే మాట తిరుగుతోంది. దాని దెబ్బకు తెర అంటేనే భూతమైంది. అన్నం తినిపించడానికి గంటన్నర సేపు "జానీ జానీ" పెట్టినప్పుడు ఎవరికీ గుర్తురాని స్క్రీన్ టైమ్, పిల్లవాడు అదే తెర మీద "చాలు" అని నొక్కగానే గుర్తొస్తుంది. తెర మనవాణ్ణి మాట్లాడకుండా కూర్చోబెట్టినంత సేపు అది దాది. వాడి తరఫున మాట్లాడిందా, దయ్యం!

ఇక బడి. ఎల్‌కేజీలో చేరిన పిల్లలకు అక్షరాల కన్నా ముందు వచ్చే పాఠం "ఫింగర్ ఆన్ ద లిప్స్". నలభై మంది నోటి మీద వేలేసుకుని కూర్చుంటే టీచరమ్మకు మంచి పేరు. మరి పుట్టుకతోనే ఆ పాఠం ఒంటబట్టిన పిల్లవాడు వస్తే ఎర్ర తివాచీ పరవాలి కదా? పరవరు. అడ్మిషన్ రోజు ఇంటర్వ్యూలో "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అంటే వాడు ఫ్యాన్ వంక చూశాడట. "బాబు ఇంటరాక్ట్ అవట్లేదు మేడమ్, మీరు స్పెషల్ స్కూల్ చూసుకోండి." 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఈ వడపోతే నేరం, జరిమానా కూడా ఉంది. అందుకే దాన్నిప్పుడు ఇంటర్వ్యూ అనరు, "ఇంటరాక్షన్" అంటారు.

హబ్సిగూడ నుంచి నాచారం దాకా స్తంభం స్తంభానికీ బడి ఫ్లెక్సీలు. డిజిటల్ బోర్డు, రోబోటిక్స్ ల్యాబ్, ఒకటో తరగతి నుంచే ఏఐ. ఇంత సాంకేతికత ఉన్న బడిలోకి పలికే ట్యాబ్‌తో ఒక అమ్మాయి అడుగుపెడితే ఏమంటారో అలాంటి పిల్లల తల్లుల్ని అడగండి. "గ్యాడ్జెట్స్ నాట్ అలౌడ్ అమ్మా. రూల్ ఈజ్ రూల్." ట్యాబ్ ప్రిన్సిపాల్ గది బీరువాలోకి వెళ్తుంది. పిల్ల నోరు ఎనిమిదిన్నరకు తాళం పడి మూడున్నరకు తెరుచుకుంటుంది. కళ్ళజోడును గ్యాడ్జెట్ అని లాక్కున్న బడి ఇంకా రాలేదు. వస్తే అడ్మిషన్లు ఓపెన్ అని ఫ్లెక్సీ కడతారు లెండి.

దీనికీ చట్టముంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ మాట, భాష ఇబ్బందులున్నవాళ్ళ రోజువారీ అవసరాల కోసం నోటిమాటకు తోడుగా వేరే పద్ధతుల వాడకాన్ని ప్రోత్సహించాలని ప్రభుత్వాలకు చెబుతుంది. ఆ వెంటనే ఉన్న క్లాజు, సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన వైకల్యమున్న విద్యార్థులకు 18 ఏళ్ళు నిండేదాకా తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటుంది. చదవడానికి ఎంత కమ్మగా ఉందో! ఆ నలభై శాతం రావాలంటే స్లాట్ కోసం పడిగాపులు పడాలి, వైకల్యాన్ని నిర్ధారించే శిబిరానికి వెళ్ళాలి. అక్కడ బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి మాట రాదని రాయించుకోవడానికి వచ్చిన బిడ్డకు వేసే మొదటి ప్రశ్న: "నీ పేరేంది బాబూ?" జవాబు చెబితే శాతం తగ్గిపోతుందని తల్లికి భయం. చెప్పకపోతే "మొండోడున్నట్టుంది" అంటారని ఇంకో భయం.

మల్కాజిగిరి అదృష్టం మాత్రం తక్కువది కాదు. ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్ద లోక్‌సభ నియోజకవర్గమని పేరు. 2019లో ఇక్కడ ఎంపీగా గెలిచినాయన 2023లో ముఖ్యమంత్రి అయ్యారు. ఇదే నియోజకవర్గం రెండో కొసన, బోయిన్‌పల్లి పక్క మనోవికాస్ నగర్‌లో, మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. ఆటిజాన్ని కొలవడానికి దేశమంతా వాడే నలభై ప్రశ్నల కొలమానం అక్కడే తయారైంది. మాట, వినికిడి లోపాలకు సంబంధించిన మరో జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఆ ఆవరణలోనిదే. అంటే నాచారం పిల్లవాడికి దేశంలోకెల్లా పెద్ద నిపుణులు సొంత నియోజకవర్గంలోనే ఉన్నారు. చేరడమే తరువాయి: హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్, అక్కడ బస్సు మారి బోయిన్‌పల్లి. హారన్ వింటే చెవులు మూసుకుని ఏడ్చే పిల్లవాణ్ణి చంకనేసుకుని వారానికి రెండుసార్లు ఈ యాత్ర చేసే తల్లికి ఏ ఉద్యోగం నిలుస్తుంది?  హబ్సిగూడలోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఎక్కడో సముద్రం అడుగున భూమి కదిలినా ఇక్కడ కూర్చుని పసిగడుతుంది. భూమి గొణుగుడుకు యంత్రాలు పెట్టినవాళ్ళం, పిల్లల గొణుగుడు దగ్గరికొచ్చేసరికి బడ్జెట్ లేనివాళ్ళమయ్యాం.

దగ్గర్లో ఏమీ లేవా అంటే, ప్రభుత్వ బడుల ఆవరణల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాటిని నడిపే రిసోర్స్ పర్సన్లు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకొక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆ పైన పదిహేను మందికొకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కోర్టు మాట్లాడగలదు కాబట్టి ఆ మాటైనా మనకు వినిపించింది.

పరికరాల పంపిణీ సభ పెడితే మూడు చక్రాల సైకిలు, వీల్‌చైరు, చేతికర్ర కనిపిస్తాయి. దండలు, ఫొటోలు, పొద్దున పేపర్లో నాలుగో పేజీ. పలికే ట్యాబ్ ఇస్తే ఫొటోలో ఏముంటుంది? నల్లటి పలక. పైగా ప్రమాదం కూడా. వేదిక మీద ఎమ్మెల్యేగారు "బాబూ, ఏమైనా చెప్పు" అని మైకు పెట్టినప్పుడు వాడు "ఇంటికి పోదాం" నొక్కితే? ఆ రిస్కు ఏ పార్టీ తీసుకుంటుంది!

సాంకేతికత లేక ఆగిందా అంటే అదీ లేదు. చెన్నైలో అజిత్ నారాయణన్ అనే ఇంజినీరు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలతో పనిచేసే 'విద్యాసాగర్' సంస్థతో కలిసి 'ఆవాజ్' తయారుచేశాడు. బయటి దేశాల నుంచి తెప్పిస్తే వేల డాలర్లయ్యే పరికరం పని ట్యాబ్ మీదికి వచ్చింది. 2011లో ఎంఐటీ పత్రిక 35 ఏళ్ళలోపు ఆవిష్కర్తల జాబితాలో ఆయన్ను చేర్చింది. ఐఐటీ బాంబే డిజైన్ విభాగం 'జెల్లో' అనే యాప్ చేసి ఉచితంగా పెట్టింది. మన స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ 2015లో తెరుచుకుంది, 2022లో ఇంకా పెద్ద భవనంలోకి మారింది. బిర్యానీ పది నిమిషాల్లో తెచ్చే ఆలోచనలకు అక్కడ కొదవుండదు.

తెలుగు పిల్లలకు వచ్చిన చిక్కు ఇంకొకటుంది. ఇలాంటి చాలా పలకలకు మూస ఇంగ్లీషుది. నేను, కావాలి, నీళ్ళు అని వరసగా మూడు బొమ్మలు నొక్కితే యంత్రం "నేను కావాలి నీళ్ళు" అంటుంది. మన ఇంట్లో రెండేళ్ళ బుడతడు కూడా "నాకు నీళ్ళు కావాలి" అంటాడు. విభక్తి వచ్చి మాటకు అతుక్కుంటుంది, క్రియ చివర కూర్చుంటుంది, 'పోయిండు' 'పోయింది' వేరవుతాయి. ఇవన్నీ బొమ్మల గడుల్లో ఎలా ఇమడాలో కూర్చుని తేల్చాల్సింది తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్ళు. వాళ్ళేమో అవధాన సభల్లో తలమునకలుగా ఉన్నారు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో యంత్రంతో తెలుగు పలికించే పరిశోధన ఎన్నో ఏళ్ళుగా సాగుతోంది. అయినా ఫోన్లో మామూలుగా దొరికే తెలుగు గొంతులు వార్తలు చదివే పెద్దవాళ్ళవి. రామంతాపూర్ ఏడేళ్ళ పోరగాడు "కడుపు నొస్తుంది" అనాలనుకుంటే, అది కాస్తా వార్త చదివినట్టు వినిపిస్తుంది. క్లాసులో పిల్లలు నవ్వరా మరి?

ఇవన్నీ సర్దుకున్నా, అన్నింటికన్నా పెద్ద సెన్సారు బోర్డు ఇంట్లోనే ఉంది. పిల్లవాడి పలకలో ఏ మాటలుండాలో తేల్చేది పెద్దలు. ఒకసారి ఆ గడులు చూడండి. అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు, బాత్రూమ్, థాంక్యూ, సారీ, గుడ్ మార్నింగ్. అతిథి మర్యాదల పట్టిక! బడివాళ్ళు "మే ఐ కమిన్" చేర్చమంటారు. "మూడు నెలల్లో మాట గ్యారంటీ" అని బోర్డు కట్టి, ముప్పావుగంటకు వెయ్యి అటూఇటూగా పుచ్చుకునే థెరపీ సెంటరు "హ్యాపీ" చేరుస్తుంది, ఇన్‌స్టాగ్రామ్ వీడియోకు పనికొస్తుందని. ఇన్ని గడుల్లో "వద్దు" ఏది? "ఆపు" ఏది? "ఎందుకు", "నాకు తెలుసు", "నువ్వు అబద్ధమాడావు", "ఆ సార్ నన్ను కొట్టిండు" ఏ మూల పెట్టారు?

పెట్టరు. ఎందుకంటే పెట్టిన ఇంట్లో మొదటి వారమే తేడా తెలుస్తుంది. పిల్లవాడు ఉప్మాకు వద్దంటాడు. స్నానానికి వద్దంటాడు. ముద్దుపెట్టుకోబోయిన మేనమామకు చుట్టాలందరి ముందూ వద్దంటాడు. "చూశావా, మిషన్ ఇచ్చి మొండోణ్ణి చేసినవ్" అని తల్లి మీద పడతారు. నోరున్న పిల్లవాడు ఉప్మా వద్దంటే చిరుతిండి అలవాటైందంటాం, తెర మీద వేలితో వద్దంటే జబ్బు ముదిరిందంటాం. ఇంతకాలం వాడు వద్దని చెప్పడానికి కంచం విసిరేవాడు, చేయి కొరికేవాడు, తలను గోడకేసి బాదుకునేవాడు. దానికి ఫైల్లో "బిహేవియర్ ప్రాబ్లమ్" అని పేరు. ఆ మూడు పనులకూ బదులుగా ఒక గడి చాలని తెలిసి కూడా ఆ గడిని చెరిపేసే పెద్దలకు ఏ ప్రాబ్లమ్ అని రాయాలో ఏ కొలమానమూ చెప్పదు.

"అడగందే అమ్మైనా పెట్టదు" అని మన పెద్దలు ఘనంగా సామెత కట్టారు. నిజమే. అడగడానికి వీల్లేకుండా చేసి, అడగలేదు కాబట్టి పెట్టలేదంటే మాత్రం అది దొంగ లెక్క. మనకు నచ్చే సాంకేతికత మనం పిల్లలతో చెప్పేది: రైమ్స్, స్మార్ట్ బోర్డు, బడి యాప్‌లో ఫీజు గుర్తుచేసే మెసేజ్. పిల్లలు మనతో చెప్పేదానికి వచ్చేసరికి ఫీజు, రూలు, బద్ధకం, వస, అమెరికా మరిది కొడుకు.

కాబట్టి ట్యాబ్ కొనే స్తోమత వచ్చేదాకా ఆగకండి. 1985లో అమెరికాలో ఆండీ బోండీ, లోరీ ఫ్రాస్ట్ మాట రాని పిల్లలతో మొదలుపెట్టినది ఉత్త బొమ్మల కార్డుల మార్పిడి. కరెంటు కూడా అక్కర్లేదు. ఒక కాగితం మీద తొమ్మిది గడులు గీసి, మొదటి గడిలో "వద్దు" వేయండి. రేపు ఇడ్లీ పెట్టినప్పుడు పిల్లవాడు దాని మీద వేలు పెడితే ఇడ్లీ తీసేయండి. బడివాళ్ళు ఆ కాగితాన్ని లోపలికి రానివ్వం అంటే 17వ సెక్షన్‌ను కూడా జిరాక్స్ తీయించి దానికి పిన్ను కొట్టి పంపండి. పేజీకి రెండు రూపాయలవుతుంది.