గేటు దాటితే బస్సు ఉండేది

మా రోజుల్లో హైదరాబాద్‌లో విమానం దిగిన మనిషి ఇంటికెలా పోవాలా అని ఆలోచించేవాడు కాదు. బేగంపేటలో దిగి, గేటు దాటి రోడ్డు మీదికి వస్తే సిటీ బస్సులు పోతూనే ఉండేవి. 49ఎం ఎక్కితే ఒకవైపు సికింద్రాబాద్, మరోవైపు మెహదీపట్నం. ఆ బస్సును విమానాశ్రయం కోసమని ఎవరూ వేయలేదు. ఆఫీసు గుమాస్తాలు, కాలేజీ పిల్లలు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు రోజూ ఎక్కే బస్సే అది. ఢిల్లీ నుంచో బొంబాయి నుంచో వచ్చినవాడూ సూట్‌కేసుతో అందులోనే ఎక్కేవాడు. "సామాను డ్రైవర్ పక్కన పెట్టుండ్రి, తొవ్వల పెట్టకుండ్రి" అని కండక్టర్ అరిచేవాడు. ఊళ్లో విమానం దిగాం, ఊళ్లో బస్సు ఎక్కాం, అంతే.

బస్సు వద్దనుకుంటే ఆటో. మీటర్ వేసేవాడు. రాత్రయితే ఒకటిన్నర రెట్లు అడిగేవాడు, లేదా మీటర్ మీద పదో ఇరవయ్యో ఎక్కువిమ్మనేవాడు. బేరం ఎదురెదురుగా జరిగేది. నచ్చకపోతే నాలుగడుగులు వేసి ఇంకో ఆటో చూసుకునేవాళ్లం. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలయ్యాక, కాస్త నడిచే ఓపిక ఉంటే బేగంపేట స్టేషన్ కూడా అందుబాటులోకి వచ్చింది. అటు లింగంపల్లి, ఇటు నాంపల్లి, సికింద్రాబాద్. నడక, బస్సు, ఆటో, రైలు, ఎవడి జేబుకు తగ్గది వాడికి దొరికేది.

2008 మార్చి 23 నుంచి ఆ విమానాలన్నీ శంషాబాద్‌కు పోయాయి. పోవడం తప్పనను. బేగంపేట ఇరుకు. చుట్టూ ఇళ్లు లేచాయి, రన్‌వే పెంచడానికి జాగా లేదు. గల్ఫ్ విమానం వచ్చే రాత్రి బయట జనంలో నిలబడడానికి చోటుండేది కాదు. శంషాబాద్‌లో 5,000 ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు, పెద్ద రన్‌వే వేశారు, లోపల అద్దంలాంటి నేల పరిచారు. బాగుంది. కానీ విమానాశ్రయాన్ని ఊరి నడిబొడ్డు నుంచి పాతిక కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లినప్పుడు, సామాన్యుడు ఎక్కే బండిని కూడా దాంతోపాటే తీసుకెళ్లాలి కదా! అది చేయలేదు. నా గోడంతా అదే.

ఏం చేశారో చూడండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కట్టారు. అదీ విమానాశ్రయం తెరిచిన ఏడాదిన్నరకు, 2009 అక్టోబరులో. గచ్చిబౌలి వైపు ఔటర్ రింగ్ రోడ్డు వేశారు. రెండూ గొప్ప రోడ్లే. రెండింటి మీదా ఆటోలకు ప్రవేశం లేదు, ఔటర్ మీద మోటారు సైకిళ్లకూ లేదు. అంటే శంషాబాద్‌కు వేగంగా చేర్చే దారులు రెండూ ముఖ్యంగా కారున్నవాడికే. ఆటోవాడు కింద పాత హైవే మీద లారీల మధ్య నలుగుతూ రావాలి. వచ్చినా టెర్మినల్ ముందు బేరానికి నిలబడడానికి లేదు. ఈ ఊళ్లో సగం జనం తిరిగే బండిని విమానాశ్రయం గుమ్మం ఎక్కనివ్వకుండా, ఇది ప్రజల సౌకర్యం అంటే నేను ఒప్పుకోను.

ఇక క్యాబ్ సంగతి. మొన్నీమధ్య మా ఆవిడా నేనూ రాత్రి పదకొండు దాటాక దిగాం. ఫోన్‌లో బండి బుక్ చేశాను. ఒక కిరాయి చూపించింది. సామాను తీసుకుని బయటికి వచ్చేలోపు ఆ లెక్క పెరిగింది. సరే అని నొక్కాను. డ్రైవర్ ఫోన్ చేశాడు. "యాడికి సార్? క్యాషా, ఆన్‌లైనా?" తార్నాక అన్నాను, ఆన్‌లైన్ అన్నాను. ఫోన్ పెట్టేశాడు, బండి రద్దయింది. ఇంకో బండి, మళ్లీ అవే రెండు ప్రశ్నలు. మూడోవాడు వస్తానన్నాడు. ఏ వరుసలో ఉన్నాడో, ఏ పిల్లరు దగ్గర ఆగాడో వెతుక్కుంటూ మా ఆవిడ మోకాళ్ల నొప్పితో ట్రాలీ పట్టుకుని నడిచింది. ఒకప్పుడు కిరాయి పెంచాలంటే ఆటోవాడు నా ముఖం చూసి అడగాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరు పెంచారో, ఎందుకు పెంచారో అడగడానికి ఎదురుగా మనిషే లేడు.

డ్రైవర్‌ను మాత్రం నేను తిట్టను. దారిలో అతనితో మాట్లాడాను. విమానాశ్రయం పార్కింగులో గంటల తరబడి వరుసలో పడిగాపులు కాయాలి. తీరా దొరికిన బేరం దగ్గరిదైతే ఆ రాత్రి దండగే. దూరంలో దించితే తిరుగు బేరం లేక ఖాళీ బండితో రావాలి. ఆ పైన కంపెనీ కోత. ఆన్‌లైన్ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో తెలియదు, డీజిల్ మాత్రం ఇప్పుడే కొట్టించాలి. అందుకే "క్యాషా?" అంటాడు. ప్రయాణికుడినీ బండివాడినీ ఒకరి మీదికొకరిని ఉసిగొల్పి మధ్యలో ఎవరో బాగుపడే ఏర్పాటు ఇది. మా కాలంలో బేరం కుదిరిన డబ్బు నడిపినవాడి జేబులోకే పోయేది.

అన్నిటికన్నా నాకు బాధగా ఉండేది గల్ఫ్ నుంచి వచ్చే పిల్లలను చూస్తే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి నుంచి దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు. వాళ్ల విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే దిగుతాయి. అదే రాత్రి నా పక్కన ఒకతను నిలబడి ఉన్నాడు. నైలాన్ తాడుతో అడ్డం నిలువుగా కట్టిన అట్టపెట్టె, దాని మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో పేరు, ఊరు. చేతిలో ఫోన్ ఉంది గానీ ఇక్కడి సిమ్ పనిచేయడం లేదు. "కాకా, జేబీఎస్ పోయే బస్సు యాడ ఆగుతది?" అని అడిగాడు. జేబీఎస్ అంటే జూబ్లీ బస్ స్టేషన్. అతను చుట్టూ చూస్తున్నాడు. "టాక్సీ, టాక్సీ" అని మీద పడేవాళ్లు కనిపిస్తున్నారు గానీ బస్సు మాత్రం కనిపించడం లేదు. పుష్పక్ బస్సు ఆగే చోటు చూపించి, "ఎవరి వెంటా పోకు బిడ్డా, అక్కడే నిలబడు" అని చెప్పాను. ఎడారిలో నెలల తరబడి కూడబెట్టిన సొమ్ములోంచి మొదటి కోత పడేది ఆ గుమ్మం దగ్గరే.

పుష్పక్ పేరు ఎత్తాను కాబట్టి చెబుతాను. శంషాబాద్ విషయంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఆ ఆర్టీసీ బస్సులనే. ఏసీ ఉంటుంది, సామానుకు చోటుంటుంది, వాటిలో ఇప్పుడు కరెంటు బస్సులు కూడా నడుస్తున్నాయి. వాన పడినా పండగ వచ్చినా టికెట్ మారదు. కొన్ని మెహదీపట్నం వైపుగా సికింద్రాబాద్ చేరతాయి, కొన్ని ఎల్బీ నగర్, ఉప్పల్ మీదుగా పోతాయి, కొన్ని ఔటర్ ఎక్కి గచ్చిబౌలి మీదుగా మియాపూర్ వైపు వెళతాయి. పగలైతే ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, కోఠి, అమీర్‌పేట అన్నీ ట్రాఫిక్ బాధ లేకుండా వస్తాయి. ఒక్కరో ఇద్దరో చిన్న సామానుతో వస్తే పుష్పక్‌ను మించింది లేదు. నలుగురు మనుషులూ ఎనిమిది పెట్టెలూ అయితే క్యాబ్ తప్పదు. ముసలివాళ్లు అర్ధరాత్రి దిగితే లోపలి కౌంటర్‌లో ప్రీపెయిడ్ టాక్సీ రసీదు రాయించుకోవడం నయం. కిరాయి ముందే తెలుస్తుంది, దారిలో మారదు.

కానీ ఈ వివరం ఒక్కటైనా దిగినవాడి కంటికి ఆనదే! కార్ల కంపెనీల బోర్డులు వెలుగుతూ కనిపిస్తాయి. ఏ బస్సు ఎక్కడికి పోతుంది, టికెట్ ఎంత, తర్వాతి బస్సు ఎన్నింటికి అనేది సామాను బెల్టు దగ్గరే తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిష్‌లో పెద్దగా రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

రైలు మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, దారీ మారింది. నాగోల్, ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా అన్నారు. నిజానికి పాతబస్తీ పక్కగా పోయే ఆ దారే ఎక్కువమందికి ఉపయోగమని నేనూ అంటాను. కానీ దారి ఏదైనా పట్టాలు పడాలి కదా. ఎంఎంటీఎస్‌ను 2023లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా పొడిగించారు. ఉందానగర్ అంటే శంషాబాద్ ఊరే. విమానాశ్రయం కొద్ది కిలోమీటర్లలో ఉందనగా రైలు ఆగిపోయింది. అంత దూరం వచ్చిన రైలును గుమ్మం దాకా తేలేని ప్రణాళికను ఏమనాలి?

పక్క ఊళ్లు చూడండి. మద్రాసులో విమానాశ్రయం ఎదురుగానే తిరుసూలం స్టేషన్. రోడ్డు దాటి లోకల్ ఎక్కితే ఎగ్మూరు. 2016లో మెట్రో కూడా వచ్చింది. ఢిల్లీలో 2011లోనే విమానాశ్రయం నుంచి న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌కు మెట్రో వేశారు. అక్కడ ఎక్కే పేదవాడూ పెద్దవాడూ ఒకే పెట్టెలో కూర్చుంటారు, ఒకే వేళకు చేరతారు. మనకు అది అందని పండేమీ కాదు, పట్టుదల కావాలంతే.

విశాఖ వాళ్లకూ ఈ మాట చెప్పాలి. ఇన్నాళ్లూ వాళ్లు ఊళ్లోనే దిగుతూ వచ్చారు. వాళ్ల కొత్త విమానాశ్రయం భోగాపురంలో, విశాఖకు 40 కిలోమీటర్ల పైమాటే. రన్‌వే గురించి, టెర్మినల్ అందం గురించి చాలా చెబుతారు. గాజువాక నుంచి, శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి తెల్లవారుజామున బస్సు ఎన్నింటికని అడగండి. మేం 2008లో ఆ ప్రశ్న గట్టిగా అడగలేదు. ఇన్నేళ్లుగా దాని కిరాయి కడుతున్నాం.

మెట్రోకు ఏళ్లు పడతాయంటే పట్టనివ్వండి. ఈలోపు చేయగలిగినవి చేయండి. ఉందానగర్‌కు రైలు వచ్చే వేళకల్లా టెర్మినల్ నుంచి బస్సు నడపండి. గల్ఫ్ విమానాలు దిగే వేళ చూసి పుష్పక్‌ను జేబీఎస్ దాకా వేయండి, అక్కడ కరీంనగర్, నిజామాబాద్ బస్సులకు అందేలా వేళలు కలపండి. బస్సు ఆగే చోటును తలుపుకు ఎదురుగా, కార్ల వరుసల కంటే ముందు పెట్టండి. ఆకాశంలో వెయ్యి మైళ్లు వచ్చినవాడిని చివరి పాతిక కిలోమీటర్లు పరువుగా ఇంటికి చేర్చడం ప్రభుత్వం పని. అది చేసేదాకా నేను అడుగుతూనే ఉంటాను, మీరూ అడగండి.