మా రోజుల్లో నిఘంటువుకు కాళ్ళుండేవి

మా రోజుల్లో ఒక మాటకు అర్థం కావాలంటే కమాన్‌పూర్‌లో బస్సెక్కి గోదావరిఖని పోవాలి. లైబ్రరీలో శబ్దరత్నాకరం నిఘంటువు అడిగి తీయించుకుని పుటలు తిప్పాలి. వెతికేది ఒకటి, దారిలో కంటబడేవి నాలుగు. ఇప్పుడు మనవడు ఫోన్లో రెండక్షరాలు కొడితే చాలు, ఆంధ్రభారతి వెబ్‌సైట్లో 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నీ ఒక్కసారే ముందుకొస్తాయి. ఇది మేలే. నా గొడవ వెతకడం గురించి కాదు, నిఘంటువు తయారు చేయడం గురించి.

సూర్యరాయాంధ్రం మొదటి సంపుటం 1936లో వచ్చింది. కవుల ప్రయోగమే దానికి ప్రమాణం. దుక్కి దున్నేవాడి మాట, మగ్గం నేసేవాడి మాట పుస్తకానికెక్కాలంటే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు పూనుకోవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. ఆ పనికి మనుషులు ఊళ్ళు తిరిగారు. రైతును, నేతగాణ్ణి అడిగి, ఏ వస్తువును ఏ తావున ఏమంటారో రాసుకున్నారు.

ఇప్పుడు నిఘంటువు చేసేవాళ్ళెవరూ గడప దాటరు. పత్రికలు, వెబ్‌సైట్లలోని రాతనంతా కంప్యూటర్‌కు ఎక్కిస్తారు. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో అది లెక్కగడుతుంది. రాతలో లేని మాట దాని లెక్కన లేనేలేదు. మరి బొగ్గు బాయిలో మాట్లాడిన మాటను ఎవరు రాశారు?

తట్టా చెమ్మాస్ (పార)తో బొగ్గెత్తి టబ్బులు నింపిన ఫిల్లర్లు, ఆ టబ్బులు తోసిన ట్రామర్లు, దుంగలు నిలిపి పైకప్పు ఆపిన టింబర్‌మన్లు మా వాడకట్టులో ఇంకా ఉన్నారు. కర్రతో పైకప్పును తట్టి చూసి, గుల్లగా మోగితే పక్కవాణ్ణి ఒక్క కేకతో వెనక్కి రప్పించినవాళ్ళు వీళ్ళు. ఆ కేకలో ఉన్న మాట మనిషి ప్రాణం కాపాడింది, ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. మస్టరు (హాజరు) పడటం, నాగా (గైర్హాజరు), ప్లే డే (వారపు సెలవు) అంటే కార్మికుడి ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా తెలుసు. బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాక, ఓపెన్‌కాస్టు గనులు తవ్వాక ఆ పాత పనులు పోతున్నాయి. పని పోయాక దాని మాట మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

నాకు కోపం యంత్రం మీద కాదు. ఆ రోజుల్లో పదాలు సేకరించినవాళ్ళు కాగితం, కలం పట్టుకుని తిరిగారు. ఈ రోజు ప్రతి పోరగాడి జేబులోనూ గొంతు రికార్డు చేసే ఫోనుంది, అయినా పక్కింటి ముసలాయన దగ్గర గంట కూర్చునేవాడు లేడు. చెప్పిన మనిషి ఊరేది, ఏ బాయిలో ఏ పని చేశాడు, ఆ మాట ఎప్పుడు వాడాడు అన్నవి లేకుండా మాటను ఒంటరిగా ఎత్తుకుపోతే అది నిఘంటువుకు పనికిరాదు. ఈ వివరాలన్నీ మనిషిని అడిగితేనే వస్తాయి.

కమాన్‌పూర్, రామగిరి, గోదావరిఖని పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఈ ఆదివారమే మీ తాతనో, పక్కింటి పెద్దమనిషినో పట్టుకోండి. బాయి దిగినప్పటి నుంచి పైకి వచ్చేదాకా చేసిన పనంతా ఆయన మాటల్లోనే చెప్పమని ఫోన్లో రికార్డు చేయండి. మధ్యలో అడ్డు తగిలి ఆయన మాటను దిద్దకండి.