దసరాకు బండి తీసే మామ

పెత్రామాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తారంటే చాలు, బోరబండలో ఒక రకం మనిషికి బండి యాదికొస్తుంది. సైట్-1లో ఒకాయన, సైట్-3లో ఒకాయన, మోతీనగర్ దిక్కు పోతే ఇంకొకాయన, గల్లీకొకరు లెక్కన ఉంటారు. అసలు పేరేదైనా పిల్లలందరికీ ఆయన బండి మామే. రోజూ ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి పంజగుట్టలో దిగి ఆఫీసుకు పోతాడు. కూరగాయలకు నడక, పెళ్లిళ్లకు ఆటో, ఊరికి ఆర్టీసీ. మరి బండికి పనెక్కడుందని అడిగితే మాత్రం మొహం మాడ్చుకుంటాడు.

ఆ బండి మెట్ల కింద ఉంటుంది. హీరో హోండా సీడీ హండ్రెడ్, ఏపీ 09 నంబరు. తెలంగాణ వచ్చి కొత్త బండ్లకు టీఎస్ పడింది, 2024లో అది టీజీ అయింది. మామ ప్లేటు మాత్రం ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1985లో ఈ మోడల్ వచ్చినప్పుడు కంపెనీ ప్రకటన దేశమంతా మోగింది: పెట్రోల్ నింపు, మూత పెట్టు, మరిచిపో. మామ మొదటి రెండు పనులూ ఒక పూటలో ముగించి, మూడోదాన్ని వానాకాలమంతా శ్రద్ధగా పాటిస్తాడు.

మంచు పడే దేశాల్లో చలికాలానికి ముందు బండికి పెద్ద తతంగమే చేస్తారు. ట్యాంకు నిండా పెట్రోల్ పోసి, పాడవకుండా మందు కలిపి, ఆయిల్ మార్చి, బ్యాటరీని ఛార్జర్‌కు తగిలించి, అప్పుడు గుడ్డ కప్పుతారు. మన దగ్గర మంచుకు బదులు వాన, మందుకు బదులు ఫ్లెక్సీ. మృగశిర కార్తె నాడు చేపల కూర తిని, మామ బండి మీద పాత ఎన్నికల ఫ్లెక్సీ కప్పేస్తాడు. డిపాజిట్ పోయిన అభ్యర్థి ఒకాయన అందులో చేతులు జోడించి నవ్వుతుంటాడు. ఆయనకు దక్కిన సీటు అదొక్కటే.

తీసే ఆదివారం మామ బనియన్, లుంగీలో దిగుతాడు. బకెట్, పాత టూత్‌బ్రష్, షాంపూ ప్యాకెట్, ఆఖర్న రుద్దడానికి కొబ్బరినూనె. కడగడమే రిపేరని ఆయన నమ్మకం. బండి తళతళలాడాక కిక్కు కొడతాడు. ఏమీ కాదు. మళ్లీ కొడతాడు. గల్లీ పోగవుతుంది.

"చోక్ గుంజు మామా!" అని డాబా మీది నుంచి ఒక గొంతు.

"గుంజకు, ఓవర్‌ఫ్లో అయితది!" అని కిరాణా షాపు నుంచి ఇంకొకటి.

సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది బండ్లకు అసలు కిక్కే లేదు, అన్నీ బటన్ స్టార్టు.

సైడ్ కవర్ తీస్తే లోపల ఎలుక కాపురం. ఎయిర్ ఫిల్టర్ సగం పరుపైంది. మిగతా పడకంతా పల్లీ పొట్టు, పిల్లల సాక్సు, పెళ్లిపత్రిక ముక్కలు. మామ ఒక ముక్క చేతిలోకి తీసుకుని చదువుతాడు. "అరే, ఈ పెండ్లికి మనం పోలేదే!" అని లోపలికి కేకేస్తాడు. అత్తమ్మ బయటికొచ్చి, అది ఎవరి పెళ్లో పోల్చుకుని, ఎందుకు పోలేదో మొదటి నుంచి చెప్పడం మొదలుపెడుతుంది. బండి సంగతి అందరూ కాసేపు పక్కన పెడతారు.

మెకానిక్‌ను పిలవడం మామకు నామోషీ. తండ్రి సనత్‌నగర్ ఆల్విన్‌లో పనిచేసిన మామలైతే మరీను. గడియారాలు, ఫ్రిజ్‌లతోపాటు ఆ కంపెనీ పుష్పక్ అనే స్కూటర్ కూడా చేసింది కాబట్టి ఇంజిన్ విద్య తమ రక్తంలోనే ఉందని వాళ్ల వాదన. చివరికి ఆ రక్తం ఓడి, ఉస్తాద్ రావాల్సిందే. ఆయన వచ్చి ముందు బండిని చూడడు, మామను చూస్తాడు.

"పెట్రోల్ ఎప్పటిది సాబ్?"

"మొన్నటిదే."

"మొన్నంటే?"

"ఉగాదిది."

ఉస్తాద్ పైపు ఊడదీసి ట్యాంకు అడుగున ఉన్నదాన్ని గాజు గ్లాసులో పడతాడు. పైన టీ రంగు పెట్రోల్, కింద చిటికెన వేలి మందాన మరో పొర, రెండూ అంటీముట్టనట్టు నిలబడతాయి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌కు తేమంటే ప్రాణం. మూత సందులోంచి వానాకాలమంతా తడి పీలుస్తుంది. తడి మించితే పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. ఇంజిన్‌కు ముందు అందేది ఆ అడుగుదే. పైగా నిల్వ పెట్రోల్ జిగురై కార్బురేటర్‌లో జెట్ కన్నాన్ని మూసేస్తుంది. ఆ కన్నం సూదిమొనంత ఉంటుంది. ఉస్తాద్ దాన్ని నోటితో ఊది, క్లచ్ వైరులోంచి ఒక్క పోగు పీకి పొడిచి, వెలుతురుకు పట్టి ఒంటికన్నుతో చూస్తాడు. మామ చూపు మాత్రం గ్లాసు మీదే. "పారబోస్తవా ఏంది? దాని రేటెంతో తెల్సా?"

అప్పటికీ లొంగకపోతే ధక్కా. బండల మీద లేచిన బస్తీ కాబట్టి ఇక్కడ దిగుడుకు కొదవలేదు. మామ సెకండ్ గేర్ వేసి క్లచ్ పట్టి కూర్చుంటాడు, పిల్లలు నెడతారు. సగం దిగాక క్లచ్ వదిలితే బండి రెండు ఎక్కిళ్లు పెట్టి ఊరుకుంటుంది. బండి కింద, ఇల్లు పైన. నెట్టిన పిల్లలందరికీ సరిగ్గా అప్పుడే ట్యూషన్ గుర్తొస్తుంది.

మలి దిగుడుకు అంటుకుంటుంది. నీలం పొగ కమ్మేసి కిటికీలన్నీ మూసుకుంటాయి. తగ్గిస్తే ఆగిపోతుందని మామ రేజ్ తగ్గించడు. ఆ మోతలోనే ఉస్తాద్ లెక్క చెబుతాడు, మామకు వినబడదు.

మహానవమి నాడు పూజ. బంతిపూల దండ, పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. బండి స్టార్ట్ కాని ఏడు కూడా ఇది ఆగదు. నిమ్మకాయ తొక్కడానికి ఇంజినెందుకు, నెట్టినా తొక్కుతుందని అత్తమ్మ తీర్పు. కాగితాల దగ్గర మాత్రం మామ నిక్కచ్చి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ కావాలి. ఆ ఏడు బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, తాడు పట్టుకుని పక్కనే కూర్చుని ఖైరతాబాద్ ఆర్టీఏకు తీసుకుపోతాడు.

దసరా సాయంత్రం జమ్మి పెట్టడానికి బావమరిది ఇంటికి బండి మీదే బయల్దేరతాడు. ఈ మధ్య పాత బండ్ల మోజు పెరిగింది కదా, గల్లీ మలుపులో ఒక కుర్రాడు ఆపుతాడు. "అంకుల్, బండి ఇస్తరా? క్యాష్ ఇస్త."

మామ రేజ్ ఇంకాస్త పెంచి అరుస్తాడు. "ఏం మాట్లాడ్తున్నవ్ తమ్మీ! రోజూ తిరిగే బండి, ఎట్లిస్త?"