శ్రీదేవి రాని ఇల్లు

అనాథ పిల్లల్ని సాకే హీరోకు మన సినిమాల్లో ఒక సౌకర్యం ఉంది. ఆయన నిద్ర లేచేసరికే పిల్లలు తలంటుకుని, జడలేసుకుని పాటకు తయారుగా ఉంటారు. 1990 మే 9న వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో చిరంజీవి టూరిస్టు గైడు, నలుగురు పిల్లల్ని పెంచుతుంటాడు. తుపాను వానల్లోనూ జనం ఎగబడి చూసిన సినిమా. అందులో ఇంద్రలోకం చూపించారు, మానససరోవరం చూపించారు, పోయిన ఉంగరం కోసం హీరో ఇంటికొచ్చే ఇంద్రజగా శ్రీదేవిని చూపించారు. పేన్ల దువ్వెన మాత్రం నాకెక్కడా కనబడలేదు.

మా ముప్కాల్ వైపు ఈ వేషం కట్టే మేనమామలకు కొదవ లేదు. బావలు గల్ఫ్‌లో ఉంటారు. బడిలో సంతకం, జ్వరమొస్తే ఆర్మూర్ దాకా బండి, అన్నీ మామ పద్దే. నా వంతు చెప్పాపెట్టకుండా వచ్చింది. అత్తగారు జారిపడి తుంటి విరిగిందని హైదరాబాద్ బయల్దేరిన అక్క, పిల్లలిద్దరినీ నా వాకిట్లో దించి, “రెండ్రోజులల్ల వస్త తమ్మీ” అని బస్సెక్కింది. ఆస్పత్రి లెక్కలో రెండ్రోజులంటే ఎంతో తెలిసిందే కదా.

తెల్లారగానే పెద్దది దువ్వెన, రెండు ఎర్ర రిబ్బన్లు నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగి కూచుంది. రెండు జడలూ మడిచి కట్టాలట, లేకపోతే బడిలో నిలబెడతారట. పాపిట తీస్తే ఒకపక్క గుప్పెడు జుట్టు, ఇంకోపక్క చిటికెడు. కుడిజడ ముగించి ఎడమదాన్ని పట్టుకునేసరికి కుడిది విప్పుకుంది. బయట బస్సు హారన్. పక్కింట్లో బీడీలు చేస్తున్న అత్త ఒళ్లోని చేట పక్కకు జరిపి, “దా బిడ్డా” అని పిల్లను ముందుకు గుంజుకుంది. పొద్దంతా తునికాకు చుట్టి దారం కట్టే వేళ్లు. రెండో హారన్ కొట్టేలోపు రెండు జడలూ బిగిశాయి. “పెండ్లి చేసుకోరా అంటే ఇంటివా?” అని నాకో చురక, కూలి కింద.

బావ దుబాయ్ నుంచి పర్యవేక్షణ. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. ఇక్కడ నేను పిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టాక ఆయన డ్యూటీ దిగుతాడు. “పోరగాండ్లను చూపెట్టు బామ్మర్దీ.” చూపెడితే లేస్తారు. లేస్తే మళ్లీ నీళ్లు, మళ్లీ కథ, మళ్లీ దయ్యం.

ఆదివారం కాసేపు కునుకు తీద్దామని ఆ సినిమానే పెట్టాను. చిన్నోడు కునకనిస్తేనా!

“మామా, గీ పిల్లల ఫీజు ఎవలు కడతరు?”

“ఆయన గైడు రా. ఊళ్లు చూపెడతడు, పైసలిస్తరు.”

“మరి నువ్వు మాకేం చూపెట్టినవ్?”

పోచంపాడు డ్యామ్ గేట్లెత్తారని వాడికి బడి బస్సులోనే తెలిసిపోయింది. బండి మీద ఇద్దర్నీ ఎక్కించుకుని 44వ నంబరు రోడ్డు పట్టాను. కాల్చిన మక్క కంకి చేతికిస్తే నోరు మూతపడుతుందనుకున్నాను. కంకి తింటూనే గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సెల్ఫీ దిగేవాళ్లు అడ్డం వస్తే లెక్క తప్పుతుంది, మళ్లీ ఒకటి నుంచి. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఈ డ్యామ్‌కు 42 గేట్లు పెట్టిన ఇంజనీరుకు మేనల్లుళ్లు లేరని నా గట్టి అనుమానం.

తుంపర్లలో తడుస్తూ న్యాయం ఆలోచించాను. ‘మిస్టర్ ఇండియా’లో అనిల్ కపూర్ కూడా ఇంటినిండా అనాథల్ని పెట్టుకున్నాడు. ఆయనకు క్యాలెండర్ అనే వంటవాడున్నాడు, పైగా మాయమైపోయే యంత్రం. నాకైతే ఆ యంత్రమొక్కటి చాలు. తీరా చూస్తే రెండిళ్లకూ వచ్చింది శ్రీదేవే!

చిన్నోడు రెయిలింగ్ కింద వంగి ఏదో వెతుకుతున్నాడు.

“ఏందిరా?”

“ఉంగరం మామా. దొరికితే ఇంద్రజ మనింటికొస్తది.”

పెద్దది కంకి బెండు అవతల పారేసి, రిబ్బను సర్దుకుంది.

“ఎందుకొస్తదిరా? బాసన్లు తోముటానికా?”