పంతొమ్మిది నామాల చట్టం

వేంసూరులో పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే రెండు రాష్ట్రాల వార్తలు ఒకే గ్లాసులో దొరుకుతాయి. ఇటు సత్తుపల్లి, అటు నాలుగడుగులు వేస్తే ఆంధ్రా. మొన్నొక ఉదయం మాట పీడీ యాక్టు మీదికి మళ్లింది. ఎవడి మీదనో పెట్టారట. ఎవడు, ఏం చేశాడు అన్నది ఎవరికీ తెలియదు. పెట్టారన్నదే వార్త.

"పీడీ అంటే ఏంది సారూ?" అని టీ కొట్టు బాబాయ్ నన్నడిగాడు. పత్రికల్లో రాసేవాడికి అన్నీ తెలుసని ఊళ్లో ఒక అపోహ ఉంది. దాన్ని పోగొట్టడం ఇష్టంలేక ఫోను తీసి చట్టం పేరు పైకి చదవడం మొదలుపెట్టాను.

చదివినవాళ్లకు తెలుసు, అది పేరు కాదు, ఊరేగింపు. తెలంగాణ రాష్ట్రంలో దొంగసారా వ్యాపారుల, బందిపోట్ల, మత్తుమందుల నేరస్థుల, గూండాల, వ్యభిచార వ్యాపారుల, భూకబ్జాదారుల, నకిలీ విత్తనాల నేరస్థుల, పురుగుమందుల నేరస్థుల, ఎరువుల నేరస్థుల, ఆహార కల్తీ నేరస్థుల, దొంగ పత్రాల నేరస్థుల, నిత్యావసర సరుకుల నేరస్థుల, అటవీ నేరస్థుల, జూదపు నేరస్థుల, లైంగిక నేరస్థుల, పేలుడు పదార్థాల నేరస్థుల, ఆయుధాల నేరస్థుల, సైబర్ నేరస్థుల, చివరాఖరికి వైట్ కాలర్ లేదా ఆర్థిక నేరస్థుల ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టం, 1986.

నేను ముగించేసరికి టీ చల్లారింది. లెక్కపెడితే పంతొమ్మిది నామాలు. గుళ్లో అయ్యవారు గోత్రనామాలు చదువుతుంటే తమ పేరు వచ్చిందా లేదా అని చెవులు రిక్కించినట్టు అందరూ విన్నారు. కాకపోతే గుళ్లో పేరు రాకపోతే బాధ, ఇక్కడ వస్తే బాధ. సంక్రాంతికి సరిహద్దు దాటి కోడిపందేలు చూసొచ్చిన కుర్రాడు "జూదపు" దగ్గర దగ్గాడు. కొత్తింటికి టేకు తలుపులు పెట్టించుకున్న పెద్దాయన "అటవీ" దగ్గర గ్లాసు కింద పెట్టాడు. "ఆహార కల్తీ" అనగానే బాబాయ్ పాలగిన్నె మీద మూత పెట్టాడు. ఒక్క మిర్చి రైతు మాత్రం "నకిలీ విత్తనాల" దగ్గర తలెత్తి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాయితం తీశాడు. విత్తనాలు కొన్న బిల్లు.

"ఇదున్నది సారూ. ఆ చట్టంలో దీనికేమన్నా వస్తదా?"

"చూద్దాం" అన్నాను. తెలియనప్పుడు చదువుకున్నవాళ్లం అనే మాట అదే.

ఈ చట్టం పుట్టినప్పుడు ఇంత పొడవు లేదు. 1986లో, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న ఉమ్మడి రాష్ట్రంలో, ఆరు నామాలతోనే పుట్టింది. దొంగసారాతో మొదలై భూకబ్జాతో ఆగింది. 2014లో రాష్ట్రం రెండైంది. ఉమ్మడి ఆస్తుల పంపకం ఏళ్లు గడిచినా తెగలేదు కానీ ఈ చట్టం మాత్రం తగాదా లేకుండా ఇద్దరికీ ముట్టింది. తర్వాత మన వైపు దానికి సవరణలతో ఎరువు వేశారు. ఆరు పంతొమ్మిదైంది. మా పొలాల్లో ఏ ఎరువుకూ ఆ దిగుబడి రాలేదు.

ఇక పనితీరు. పీడీ అంటే ప్రివెంటివ్ డిటెన్షన్, ముందస్తు నిర్బంధం. మామూలు చట్టంలో నేరం జరగాలి, ఎఫ్ఐఆర్ పడాలి, సాక్ష్యం దొరకాలి, చార్జిషీటు వెయ్యాలి, కోర్టులో రుజువు చెయ్యాలి. ఇన్ని మెట్లు ఎక్కేసరికి దర్యాప్తు అధికారికి మోకాళ్ల నొప్పులు. పీడీలో మెట్లు లేవు, లిఫ్టు ఉంది. ఫలానావాడు ముందుముందు ఏదో చెయ్యబోతాడని కలెక్టరుకో కమిషనరుకో తోస్తే చాలు, సంతకం పడుతుంది. అది 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. ఎందుకు పట్టుకున్నారో అయిదు రోజుల్లోగా లోపలున్నవాడికి చెప్పాలి. మూడు వారాల్లో కాయితాలు అడ్వైజరీ బోర్డుకు పోవాలి. నిర్బంధం మొదలైన ఏడు వారాల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలి. ఆ బోర్డు ముందు వకీలును పెట్టుకునే హక్కు లేదు. అంతా సవ్యంగా జరిగితే 12 నెలలు లోపలే. సవ్యంగా అంటే ఎవరికి సవ్యంగా అని అడక్కండి.

"అరెస్టు చేస్తే 24 గంటల్లో జడ్జి ముందు పెట్టాలంటారు గదా?" అన్నాడు పందేల కుర్రాడు. అతనికి ఈ భాగం బాగా తెలుసు. నిజమే, రాజ్యాంగం 22వ అధికరణం ఆ మాటే అంటుంది. వకీలును పెట్టుకోవచ్చనీ అంటుంది. అక్కడే ఇంకాస్త కిందికి దిగితే, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడికి ఇవి వర్తించవనీ అంటుంది. పెళ్లి విందుకు రమ్మని పిలిచి, గుమ్మం దగ్గర "మీకు ఏకాదశి కదా" అన్నట్టు.

మరి ఎవడినైనా లోపల వెయ్యొచ్చా? వెయ్యకూడదు. "పబ్లిక్ ఆర్డర్" చెడాలి, అంటే జనజీవనం మొత్తం కుదుపుకు లోనవ్వాలి. 1965లో రామ్‌మనోహర్ లోహియా నిర్బంధం కేసులో జస్టిస్ హిదయతుల్లా దీన్ని మూడు వృత్తాలతో వివరించారు. అన్నిటికన్నా పెద్ద వృత్తం మామూలు శాంతిభద్రతలు. దాని లోపల పబ్లిక్ ఆర్డర్. దానికీ లోపల దేశ భద్రత. పెద్ద వృత్తంలో జరిగిందల్లా లోపలి వృత్తానికి తగలదని ఆయన చెప్పారు. సాక్షాత్తూ సుప్రీంకోర్టు గీసి చూపించినా మన దగ్గర ఆ పాఠం ఎక్కలేదు. ఎందుకంటే మనకు సర్కిల్ అంటే సీఐ గారొక్కరే.

ఇప్పుడు మిర్చి రైతు బిల్లు దగ్గరికొస్తాను.

నకిలీ మిర్చి విత్తనాలు అమ్మాడన్న ఆరోపణతో ఒక వ్యాపారిని తెలంగాణలో పీడీ కింద లోపల వేశారు. అప్పటికి జాబితాలో "విత్తనాల" నామం లేదు. అందుకని ఉన్నవాటిలో దగ్గరగా కనిపించిన పేరు తగిలించారు: గూండా! విత్తనం మొలవలేదని గూండా. ఈ లెక్కన వాన కురవకపోతే వాతావరణ శాఖవాళ్లు బందిపోట్లు. 2017లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. విత్తనాలకు, ఎరువులకు, మోసానికి వేరువేరు చట్టాలున్నాయి, వాటి కింద విచారించండి, దిగుబడి రాలేదని మనిషిని గూండా చెయ్యడం అధికార దుర్వినియోగమని చెప్పింది.

ఆ తీర్పు చదివి మామూలువాళ్లు "సరే, ఇకమీద దర్యాప్తు గట్టిగా చేద్దాం" అనుకుంటారు. ప్రభుత్వం మామూలు మనిషి కాదు కదా. "ఓహో, జాబితాలో విత్తనం లేకపోవడమా తప్పు?" అనుకుంది. విత్తనం చేరింది. విత్తనం ఒక్కతే వస్తే బాగుండదని పురుగుమందు, ఎరువు కూడా తోడొచ్చాయి. కోర్టు చెప్పు కరుస్తోందంటే వీళ్లు కాలు పెంచుకున్నారు.

అక్కడితో ఆగలేదు. 2022 ఏప్రిల్‌లో మరో తెలంగాణ కేసు. ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేశాడన్న ఆరోపణ, బెయిలు వచ్చాక పీడీ. దాన్ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు లెక్క చెప్పింది: ఈ ఒక్క చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వులను అయిదేళ్లలో తాము అయిదుకు పైగా, హైకోర్టు ఒక్క ఏడాదిలోనే కనీసం పది రద్దు చేశాయని. 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో మళ్లీ మందలింపు. 2024 మార్చిలో నేనావత్ బుజ్జి కేసులో ఇంకోసారి, ఈసారి అడ్వైజరీ బోర్డులు రబ్బరు స్టాంపులు కాకూడదన్న హెచ్చరికతో సహా. మా బడిలో ఇన్నిసార్లు తప్పిన పిల్లవాణ్ణి మాస్టారు బెంచీ ఎక్కించేవారు. ఇక్కడ తప్పింది ప్రభుత్వం, బెంచీ మీద ఉన్నది న్యాయమూర్తులు. ఏం చేస్తాం!

ఈ తీర్పులు ఒక్కటే మాట తిప్పితిప్పి చెబుతున్నాయి. వాడికి బెయిలు వచ్చిందా? నచ్చకపోతే బెయిలు రద్దు చెయ్యమని అడగండి. గడువులో చార్జిషీటు వెయ్యండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత పోలీసులకు తక్కువేం ఇవ్వలేదు. సోదాను వీడియో తియ్యాలంది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు స్థలానికి రావాలంది. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ అంది. చార్జిషీటుకు నేరాన్ని బట్టి 60 రోజులు, 90 రోజులు గడువు పెట్టింది. గడువు దాటితే లోపలున్నవాడికి బెయిలు హక్కుగా వస్తుంది. అప్పుడేమవుతుందో మనకు తెలుసు: చార్జిషీటు ఆలస్యం స్టేషన్‌ది, బెయిలు తప్పు కోర్టుది, పీడీ మాత్రం ముద్దాయిది. 2016లో ఖమ్మానికి కమిషనరేటు వచ్చాక ఇంకో సౌకర్యం. దర్యాప్తు చేసే శాఖకూ, నిర్బంధం మీద సంతకం పెట్టే శాఖకూ మధ్య రోడ్డు దాటే పని కూడా లేదు.

ఈ జబ్బు మనదొక్కటే అనుకుని సిగ్గుపడనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ అనే రాష్ట్రం 2013లో బైకు ముఠాల మీద ఒక చట్టం తెచ్చింది. దుర్మార్గ, చట్టవ్యతిరేక సంఘాల విచ్ఛిన్న చట్టమని దాని పేరు. విశేషణాలకు వాళ్లూ లోటు చెయ్యలేదు. ముఠాలో ఉండి నేరం చేస్తే మామూలు శిక్ష మీద 15 ఏళ్లు అదనం. పదవిలో ఉన్నవాడైతే ఇంకో పదేళ్లు. దానికి తోడుగా తెచ్చిన మరో సవరణ ప్రకారం, ప్రకటిత ముఠా సభ్యులు ముగ్గురు బహిరంగంగా ఒకచోట కనిపిస్తే కనీసం ఆరు నెలల జైలు. ఇది చెప్పగానే టీ కొట్టు దగ్గర నవ్వులు. మా ఊళ్లో ముగ్గురు ఒకే బండి మీద కనిపిస్తే ట్రిపుల్ రైడింగ్ చలానా, అంతే! అక్కడ మూడు బండ్లు, ముగ్గురు, మూడు టీలు, ఆరు నెలలు. కాకపోతే అక్కడివాళ్లు ఒక పని చేశారు. ప్రభుత్వం మారాక రిటైరైన న్యాయమూర్తి నాయకత్వంలో సమీక్ష వేసి, 2016లో ఆ చట్టాన్ని తీసేసి వేరే చట్టం రాసుకున్నారు. చేసిన చట్టం పనిచేసిందా అని వెనక్కి తిరిగి చూడటం అనే మూఢాచారం అక్కడ ఇంకా ఉన్నట్టుంది.

వెనక్కి చూడటమంటే మా వేంసూరుకు చరిత్ర లేకపోలేదు. ఒకప్పుడు ఇది అసెంబ్లీ నియోజకవర్గం. 1962 నుంచి మూడుసార్లు జలగం వెంగళరావును ఇక్కడి నుంచే గెలిపించి పంపాం. ఆయన హోం మంత్రి అయ్యారు, 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. ఎమర్జెన్సీ అంతా ఆయన పాలనలోనే నడిచింది. అప్పుడు పీడీకి తాత ఉండేది, మీసా. 1971లో పుట్టి, విచారణ లేకుండా దేశమంతా జైళ్లు నింపి, 1978లో పోయింది. ఆ కాలపు ఎన్‌కౌంటర్ల మీద 1977లో జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. అది గమ్యం చేరకుండానే ఆగింది. సరిగ్గా 1978లోనే నియోజకవర్గం పేరు సత్తుపల్లి అయింది. అంటే మీసా పోయిన ఏడాదే మా పేరూ పోయింది. మాది మళ్లీ రాలేదు. మీసా మాత్రం ఎనిమిదేళ్లలో వేరే పేరుతో, ఆరు నామాలతో తిరిగొచ్చింది.

జాబితాలు రాసే అలవాటు ఇంకా పాతది. తెల్లవాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి కులాలకు కులాలనే పుట్టు దొంగలుగా రాశారు. మన ఎరుకలవాళ్లను స్టూవర్టుపురంలో పెట్టింది ఆ లెక్కనే. 1952లో దాన్ని రద్దు చేసుకుని, పుట్టుకను బట్టి మనిషిని దొంగ అనకూడదని నేర్చుకున్నాం. వృత్తిని బట్టి అనొచ్చని తర్వాత కనిపెట్టాం.

ఇదంతా విని టేకు తలుపుల పెద్దాయన ఒక్క మాటన్నాడు: "మన రామదాసు కథే గదయ్యా."

నిజమే! నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించాడు. ఇవాళైతే నిస్సందేహంగా పంతొమ్మిదో నామం, ఆర్థిక నేరస్థుడు. గోల్కొండ సుల్తాను తానీషా కోటలో వేశాడు. పన్నెండేళ్లని చెబుతారు. మన పీడీలో 12 నెలలే కాబట్టి ప్రజాస్వామ్యానికి దండం పెట్టుకోవచ్చు. కానీ కథలో తర్వాతి ముక్క చూడండి. రాముడు లక్ష్మణుడు మారువేషంలో వచ్చి బాకీ అణాపైసలతో చెల్లించారు. తానీషా లెక్క చూసుకుని రసీదు రాసిచ్చాడు. తెల్లారి ఆ రసీదు చూసి గోపన్నను వదిలేశాడు. ఖజానాకు రావాల్సిన సొమ్ము ఖజానాకు చేరింది, లెక్క తేలింది, మనిషి బయటికొచ్చాడు. పాత సుల్తాను దర్బారులో జరిగిన ఆ మూడింటిలో పీడీలో జరిగేది ఒక్కటే, మనిషి బయటికి రావడం. అదీ సుప్రీంకోర్టు దాకా పోతేనే.

మిర్చి రైతు ఇదంతా ఓపిగ్గా విన్నాడు.

"అయితే సారూ, విత్తనాలు అమ్మినాయన లోపలికి పోయిండు, బయటికొచ్చిండు. అసలు కేసేమైంది?"

"చార్జిషీటు వెయ్యాలి, సాక్ష్యం పెట్టాలి, శిక్ష పడాలి. అవన్నీ మామూలు చట్టం పనులు."

"మరి నా పంట?"

ఆయన అడిగిన రెండు ప్రశ్నలకూ పంతొమ్మిది నామాల్లో ఎక్కడా జవాబు లేదు. అందులో మోసం చేసేవాళ్లందరి పేర్లూ ఉన్నాయి, మోసపోయినవాడి పేరు మాత్రం లేదు. ఇరవయ్యో నామంగా అయినా చేర్చమని అడుగుదామా అనుకుని నాలుక కరుచుకున్నాను. ఆ జాబితాలోకి ఎక్కితే ఏమవుతుందో ఇప్పటిదాకా చెప్పింది నేనే.

రైతు బిల్లును మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. టీ డబ్బులిచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని పొలానికి పోయాడు. రామదాసు దగ్గర లేనిదీ, రాముడొచ్చి తెచ్చివ్వాల్సి వచ్చిందీ రసీదు. ఈయన దగ్గర అది మొదటి నుంచీ ఉంది.