ముచికుందుడి ఆదివారం

పురాణాల్లో నాకు అందరికంటే దగ్గరివాడు ముచికుందుడు. రాముడిలా అడవికి పొమ్మంటే పోలేను, హరిశ్చంద్రుడిలా నిజమే చెబుతూ ఇంట్లో బతకలేను. ముచికుందుడి సంగతి వేరు. మాంధాత కొడుకు. దేవతల తరఫున రాక్షసులతో ఏళ్లూ పూళ్లూ యుద్ధం చేశాడు. ఏం వరం కావాలని అడిగితే రాజ్యం వద్దు, స్వర్గం వద్దు, నిద్ర ఇప్పించండి చాలన్నాడు. మధ్యలో లేపినవాడు ఆయన చూపు పడగానే భస్మం కావాలి. వారానికి ఆరు రోజులు ఆఫీసుకు పోయేవాడెవడైనా అడిగే వరమే అది.

నాకు ఆ వరం లేదని మే నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు రూఢి అయింది.

"లేస్తరా లేవరా? నాలుగున్నర గొట్టింది" అంది మా ఆవిడ. కళ్లు తెరిచి తీక్షణంగా చూశాను. ఏమీ కాలేదు.

"అట్ల గుడ్లురుముడు గాదు, బకెట్ల నీళ్లు పెట్టిన" అని వెళ్లిపోయింది.

ఎండాకాలం సెలవులు. మా అమ్మాయి స్నేహితుల్లో ఒకరు ఊటీ వెళ్లారు, ఒకరు మనాలీ, ఇంకొకరు ఏకంగా సింగపూరు. మేం మలక్‌పేటలోనే ఉన్నాం. నా జీతానికి అందుబాటులో ఉన్న చల్లని ప్రదేశం మా ఫ్రిజ్జే. అప్పుడు మా బామ్మర్ది, "అనంతగిరి పోదాం బావా. వికారాబాద్ పక్కనే, ఎనభై కిలోమీటర్లు. పొద్దున పోయి రాత్రికి వస్తం. మూసీ పుట్టింది కూడా ఆడనే" అన్నాడు.

ఆ చివరి మాటకు పడిపోయాను. పదిహేడేళ్లుగా చాదర్‌ఘాట్ వంతెన మీదుగా రోజూ స్కూటర్ మీద మూసీ దాటుతున్నవాణ్ని. వంతెన మొదట్లో గాలి పీల్చి, కోఠి వైపు దిగాక వదులుతాను. నాకు కుంభకం నేర్పిన గురువు ఆ నదే. అంతటి గురువు పుట్టినిల్లు చూడకపోతే ఎలా?

పైగా స్థలపురాణం ప్రకారం ముచికుందుడు పడుకున్నది కూడా ఆ కొండల్లోనే. కాలయవనుడు తరుముకొస్తుంటే కృష్ణుడు గుహలోకి దూరి, పడుకున్నాయన మీద తన ఉత్తరీయం కప్పి పక్కకు తప్పుకున్నాడు. వెనకాలే వచ్చినవాడు కృష్ణుడే అనుకుని ఒక్క తన్ను తన్నాడు, బూడిదయ్యాడు. తర్వాత ముచికుందుడు కృష్ణుడి పాదాలు కడిగితే ఆ నీళ్లే ముచికుందా నది అయ్యాయట. అదే జనం నోట్లో మూసీ అయింది. అక్కడి గుళ్లో వెలసింది కూడా అనంత పద్మనాభస్వామి, పాముపడక మీద పవళించే దేవుడు. ఇంత మంది నిద్రపోయే చోటికి తెల్లవారకముందే లేచి బయల్దేరడమే అసలు అపచారమని నా వాదన. ఎవరూ వినలేదు.

దూరం ఊళ్లకు విమానంలో వెళ్తే సామానుకు తూకం ఉంటుంది. దగ్గరి ఊరికి కారులో వెళ్తే ఆ అడ్డు కూడా లేదు. మా అత్తమ్మ రెండు స్టీలు డబ్బాల్లో పులిహోర, ఒకదాంట్లో పెరుగన్నం, సర్వపిండి, మామిడికాయ తొక్కు, చల్ల నింపిన క్యాను, ఒక చాప, రెండు దిండ్లు, ఒక పుచ్చకాయ సర్దింది. నా కాళ్లు పెట్టుకోవలసిన చోట పుచ్చకాయ కూర్చుంది.

ఎండ ముదరకముందే చేరాలని అయిదున్నరకు బయల్దేరినవాళ్లం ఆరున్నరకు మొయినాబాద్ దగ్గర ఉన్నాం. అక్కడ అత్తమ్మకు చిలుకూరు బోర్డు కనబడింది.

"నీ వీసా మొక్కు తీర్చినవారా?" అని అడిగింది కొడుకుని.

బామ్మర్ది స్టీరింగు వంక చూశాడు. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేశాడు, వీసా వచ్చింది, వెళ్లాడు, మూడేళ్లుండి తిరిగి కూడా వచ్చేశాడు. నూటెనిమిది మాత్రం బాకీ ఉండిపోయింది. హుండీ లేని గుడి కాబట్టి డబ్బులు వేసి తప్పించుకునే దారి కూడా లేదు. కార్డు చేతబట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టుకుంటూ, ఆదివారం జనంలో అతను నూటెనిమిదీ పూర్తి చేసేసరికి తొమ్మిదిన్నర. అందరికంటే దగ్గర ప్రయాణంలో అందరికంటే ఎక్కువ నడిచినవాడు కారు నడిపినవాడే.

చేవెళ్ల దాటాక మాత్రం కాసేపు ఎవరం మాట్లాడలేదు. రోడ్డుకు రెండువైపులా ముసలి మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వీటిని తీసేస్తామంటే జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఎందుకు వెళ్లారో ఒక చెట్టు కింద కారు ఆపి తలుపు తీస్తే తెలిసింది. పైన ఎండ పెళపెళలాడుతోంది, కింద నీడ మడుగులా నిలిచి ఉంది. సర్వపిండి అక్కడే అయిపోయింది. ఇక్కడే చాప పరుద్దామన్నాను. బామ్మర్ది కాళ్లు ఒత్తుకుంటూ సరేనన్నట్టే చూశాడు గానీ అత్తమ్మ ఒప్పుకోలేదు. "పెట్టుకున్న ప్రయాణం నడుమల ఆపొద్దు."

అలా సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి, ఏ వేళకైతే చేరకూడదనుకున్నామో ఆ వేళకే, అనంతగిరి చేరాం.

బామ్మర్ది ఫోనులో చూపించిన అనంతగిరి పచ్చగా, మంచు తెరలతో ఉంది. ఆ ఫొటోలన్నీ వానాకాలానివి. మేలో టేకుచెట్లు ఆకులన్నీ దులిపేసుకుని అప్పులవాడికి జేబులు చూపించినట్టు నిలబడ్డాయి. అడుగేస్తే చాలు, కాలికింద ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. గాలి మంచిదని పూర్వమే ఇక్కడ క్షయరోగులకు ఆసుపత్రి కట్టారు. ఫోను ప్రకారం నగరం కంటే మూడు డిగ్రీలు తక్కువట. ఆ మూడు డిగ్రీలు ఎక్కడున్నాయో అని కాసేపు వెతికాం.

దారిపక్కన ఒకామె తునికిపండ్లు అమ్ముతోంది. అప్పటిదాకా మోకాళ్ల నొప్పులన్న అత్తమ్మ చటుక్కున కూలబడి బేరమాడకుండా కొన్నది. ఆమె బేరమాడకపోవడం నేను చూడటం అదే మొదలు. చిన్నప్పుడు వాళ్లమ్మతో తునికాకు కోతకు పోయేదట. ఎండెక్కక ముందే కోసి తెచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టేవారట. ఆ చెట్టు ఆకు మా మామగారు జీవితమంతా బీడీలుగా తాగారు, పండు అత్తమ్మ తిన్నది. జిగురు తియ్యదనం, చివర కాస్త వగరు. మా అమ్మాయి గింజ ఉమ్మేసి ఇంకొకటి అడిగింది. ఊటీ మాట ఆ తర్వాత ఎత్తలేదు.

గుడి దగ్గర పులిహోర డబ్బా తీయగానే కోతులొచ్చాయి. ఒక పెద్ద కోతి డబ్బా లాక్కుని, గుప్పెడు తీసి వాసన చూసి, కింద పెట్టేసి వెళ్లిపోయింది. ఆదివారం వచ్చే ప్రతి కుటుంబం పులిహోరే తెస్తుంది కాబోలు, దానికి మొహం మొత్తింది. కానీ అత్తమ్మ ఆ అవమానం మరిచిపోలేకపోయింది. "ఉప్పు తక్కువైందా ఏంది?" అని మా అందరినీ ఒకటికి రెండుసార్లు అడిగింది.

కోనేరు దగ్గరకు దిగాం. అక్కడి నుంచి బయల్దేరిన నీళ్లే దాదాపు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచి, ఆ తర్వాత గండిపేట చెరువు కట్టించింది కూడా ఈ మూసీయే. ఇప్పుడు మెట్ల మీద అరచెయ్యంత తడి. మా అమ్మాయి వంగి చూసి, ముక్కు ఎగబీల్చి, అనుమానంగా అడిగింది. "ఇది మూసీ గాదు డాడీ. వాసన లేదు గదా!"

అత్తమ్మ దోసిట్లో నీళ్లు పట్టి అందరి నెత్తినా చల్లింది. రోజూ ఊపిరి బిగబట్టి దాటే నది నా నెత్తిన పడింది. చల్లగానే ఉంది. ఆ మూడు డిగ్రీలూ అక్కడున్నాయి. అమ్మాయి ఒక ఆకు తెచ్చి నీళ్లలో వదిలి, "మనింటికి వస్తదా?" అంది. వస్తుందన్నాను.

తర్వాత నీడ చూసి చాప పరిచి, దిండు పెట్టి, కళ్లు మూశాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. "బావా, లే, సన్‌సెట్ పాయింటుకు పోదాం!" అని తట్టి లేపాడు బామ్మర్ది. సాక్షాత్తూ ముచికుందుడి కొండ మీద కళ్లు తెరిచి వాడివంక చూశాను. కానీ నూటెనిమిది చుట్లు తిరిగి, మే నెల ఎండలో మాడి, కొత్తగా కాలడానికి వాడి దగ్గర ఏమీ మిగల్లేదు.

రాత్రి పదింటికి చాదర్‌ఘాట్ వంతెన ఎక్కాం. అలవాటుగా గాలి పీల్చి బిగబట్టాను. మా అమ్మాయి కిటికీ అద్దం దించి, తల బయటపెట్టి కిందికి చూసింది.

"నా ఆకు ఇంకా రాలేదు డాడీ."

"గండిపేట కాడ ఆపుతరు బిడ్డా" అన్నాను, అంటే ఊపిరి వదిలేశాను.

బామ్మర్ది ముక్కు మూసుకుని ఒంటిచేత్తో నడుపుతూ, అద్దం ఎక్కించమని సైగ చేశాడు. అద్దం మీట అత్తమ్మ మోచేతి కింద ఉంది. అత్తమ్మ నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆమెను లేపే ధైర్యం కారులో ఎవరికీ లేదు.